ప్రాణహిత తీరం – 9: ఆకు రేటు అడిగినవాళ్లను ఏమన్నారు?

గత భాగంలో గోదావరి కుడి ఒడ్డున, నిజాం ఏలుబడిలో ఉన్నాం. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. మరాఠీ సంస్కర్త కర్వే అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో అది ఆంధ్ర మహాసభ అయింది. గ్రంథాలయాలు, ఆడపిల్లల చదువు, వితంతు వివాహాలు కోరిన ఆ సభ 1944 నాటికి, రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించిన భువనగిరి మహాసభలో, వెట్టి గురించీ భూమి గురించీ మాట్లాడింది. పాత పెద్దలు కొందరు పక్కకు తప్పుకున్నారు. ఊళ్లు మాత్రం దాన్ని ‘సంగం’ అనే పిలిచాయి. తర్వాత రజాకార్ల కాలం వచ్చింది. చాందాలో స్టేట్ కాంగ్రెస్ నడిపిన సరిహద్దు శిబిరంలో పి.వి. నరసింహారావు వంటి యువకులు పనిచేశారు. ఆ కథను అక్కడ ఆపాం.

ఇప్పుడు నది దాటి ఎడమ ఒడ్డుకు వద్దాం.

కాళేశ్వరం ఎదురుగా, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట సిరోంచ ఉంది. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చిన ఈ నేల సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. 1874లో ఆ జిల్లాను ఎత్తేశాక చాందా కింద ఒక తహసీలుగా మిగిలింది. స్వాతంత్య్రం వచ్చాక మధ్యప్రదేశ్‌లో, 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరింది. ఇన్ని పాలనలు మారినా ఇళ్లలో మాట తెలుగే. బడిలో మరాఠీ, కచేరీలో మరాఠీ. పెళ్లి సంబంధాలు చెన్నూరు, మంథని, మహదేవ్‌పూర్ వైపు. తూర్పున అడవిలోకి పోతే గోండులు, మాడియాలు. వానాకాలం వాగులు పొంగితే జిల్లా కేంద్రం సంగతి దేవుడెరుగు, అహేరికి పోవడమే కష్టంగా ఉండేది. నాటు పడవెక్కి కాళేశ్వరం రేవుకు పోవడం నయంగా ఉండేది.

అందుకే రెండు దిక్కుల నుంచి వచ్చిన ఉద్యమాలు ఇక్కడ ఎదురెదురుపడ్డాయి. వార్ధా, నాగపూర్ వైపు నుంచి గాంధీ మాట, అంబేడ్కర్ మాట. గోదావరి అవతలి నుంచి ఎర్రజెండా. ఈ భాగమంతా ఆ కలయిక గురించే.

మొదట 1951. తెలంగాణలో సాయుధ పోరాటం చివరి దశలో ఉంది. వార్ధా దగ్గరి పవనార్ ఆశ్రమం నుంచి వినోబా భావే హైదరాబాద్ పక్కనున్న శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి కాలినడకన వచ్చారు. అక్కణ్ణించి నల్లగొండ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు భూమి కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా మొదలైంది. దాన్ని కమ్యూనిజానికి విరుగుడుగా చూపిస్తూ పత్రికలు రాశాయి, నాయకులు ప్రసంగించారు. అయితే పోచంపల్లి మాలపల్లె, మాదిగపల్లె అడిగిందేమిటి? దున్నుకోవడానికి నేల. సంగం అడిగిందీ అదే. దారి వేరు కావచ్చు, జవాబు వేరు కావచ్చు, ప్రశ్న మాత్రం ఒకటే. ఎడమ ఒడ్డున తర్వాత నలభై ఏళ్లు నడిచిన కథ అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒకే ప్రశ్నకు వేర్వేరు ముద్రలు వేసే ఈ పేర్ల గందరగోళం ఎంత లోతుగా పోయిందో చూడాలంటే జయప్రకాశ్ నారాయణ్ జీవితం చాలు. 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టినవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నారు. 1948లో సోషలిస్టులు కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చారు. 1954లో బుద్ధగయలో ఆయన భూదానానికి జీవితం అంకితం చేశానని ప్రకటించారు. సోషలిజం నుంచి సర్వోదయానికి ఎందుకు వచ్చానో వివరిస్తూ పుస్తకమే రాశారు. బుద్ధగయ ప్రకటన మరుసటి ఏడాదే, 1955 జనవరిలో, ఆవడి మహాసభలో కాంగ్రెస్ తన లక్ష్యం సోషలిస్టు తరహా సమాజమని తీర్మానించింది. సోషలిస్టు నాయకుడు ఆ జెండా దించి గాంధీ దారి పట్టిన కాలంలోనే, గాంధీ పార్టీ ఆ పేరును తలకెత్తుకుంది.

మూడో ధార నాగపూర్ నుంచి వచ్చింది. 1936లో అంబేడ్కర్ పెట్టిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ కొంకణంలో ఖోతీ భూస్వామ్యాన్ని ఎదిరించింది. 1938 నవంబర్‌లో బొంబాయి సమ్మెలో కమ్యూనిస్టులతో కలిసి నడిచింది. 1954లో భండారా ఉపఎన్నికలో ఆయన నిలబడ్డారు. ద్విసభ్య నియోజకవర్గం అది. ప్రజా సోషలిస్టు నాయకుడు అశోక్ మెహతా జనరల్ స్థానంలో గెలిచారు, అంబేడ్కర్ రిజర్వుడు స్థానంలో ఓడిపోయారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం స్వీకరించారు. రెండు రోజులకే, 16న, చాందాలో మళ్లీ దీక్షా సభ. సిరోంచ అప్పుడు ఆ చాందా జిల్లాలోదే. నవంబర్‌లో ఖాట్మండులో ఆయన చేసిన ప్రసంగం బుద్ధుణ్ణీ కార్ల్ మార్క్స్‌నూ పక్కపక్కన పెట్టి తూచింది. దోపిడీ పోవాలన్న గమ్యంలో ఇద్దరికీ దగ్గరితనం ఉందని, హింస విషయంలో, నియంతృత్వం విషయంలో దూరముందని ఆయన వాదం. మత సంస్కరణను ఆర్థిక ప్రశ్న నుంచి తప్పించుకునే దారిగా చూసేవాళ్లు ఆ ప్రసంగాన్ని జాగ్రత్తగా చదవాలి.

ఈ పెద్ద మాటలు అడవికి చేరేసరికి ఏమయ్యాయి?

అడవికి సోషలిజం ప్రభుత్వం రూపంలోనే మొదట వచ్చింది. 1969లో మహారాష్ట్ర అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని నియంత్రిస్తూ చట్టం చేసింది. బీడీలు చుట్టే తునికాకు వ్యాపారం ప్రభుత్వ గుత్తాధికారం కిందికి వచ్చింది. 1971లో ఆంధ్రప్రదేశ్ కూడా అలాంటి చట్టమే చేసింది. దళారుల నుంచి ఆదివాసిని కాపాడడం వాటి ఉద్దేశమని చెప్పారు. ఆచరణలో ప్రభుత్వం అడవిని యూనిట్లుగా చేసి వేలం వేసింది, కాంట్రాక్టరు పాడుకున్నాడు. ఆదివాసి మాత్రం సొంత అడవిలో కూలీ అయ్యాడు. వెదురు బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు పోయింది. కోత కూలి ఎంతో మిల్లు, కాంట్రాక్టరు తేల్చేవాళ్లు.

ఆకు పని చూసినవాళ్లకు అందులోని శ్రమ తెలుసు. ఎండలు ముదిరేలోపు తునికి పొదల కొమ్మలు కొడతారు, అప్పుడు లేత ఆకు వస్తుంది. మే నెలలో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోతారు. పొద్దెక్కేలోపు తెంపాలి. ఇంటికి తెచ్చి, సైజు చూసి, చిల్లులున్న ఆకు తీసేసి, లెక్కపెట్టి నారతో కట్టలు కట్టాలి. ముసలివాళ్లు, పిల్లలు కూడా కూర్చుంటారు. సాయంత్రం కల్లానికి మోసుకుపోతే, అక్కడ ఆకు లెక్క తీసుకునే కల్లేదారు కట్టలు తిరగేసి, ఆకు బాగాలేదని కొన్ని పక్కన పడేసేవాడు, వందకు ఇన్నని ఊరికే తీసుకునేవాడు. లెక్క రాని ఇంట్లో కట్టలెన్ని పోయాయో అడిగేవాడు ఉండేవాడు కాదు. ఏడాది మొత్తంలో చేతికి నగదు వచ్చేది ఆ రెండు మూడు వారాల్లోనే. ఉప్పు, బట్ట, మందు, పెళ్లి ఖర్చు, అన్నీ ఆ డబ్బు మీదే. ఇది చాలదన్నట్టు ఫారెస్టు గార్డుకు వెట్టి. కోడి, ఇప్పపువ్వు, ఇంటికప్పుకు గడ్డి, ఏది అడిగితే అది ఇచ్చుకోవాల్సి వచ్చేది. అడవిలో పోడు కొట్టినందుకు కేసు పెట్టకుండా ఉండడానికి మళ్లీ లంచం.

ఇంత కష్టం మీద ఎవరైనా నోరు విప్పితే, ఆ మనిషి ఎవరు, ఏ పార్టీ అన్న ప్రశ్న అప్పటికి ఇంకా పుట్టలేదు. 1970లలో అదీ పుట్టింది.

1973 డిసెంబర్‌లో బాబా ఆమ్టే భామ్రాగడ్ అడవిలోని హేమల్‌కసలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలుపెట్టారు. యువకుడిగా వకీలు, వరోరా పురపాలక సంఘంలో ఉపాధ్యక్షుడు. అక్కడ పాకీపనివాళ్లను కూడగట్టి, వాళ్ల కష్టం తెలుసుకోవడానికి తానే మలం బుట్ట నెత్తిన మోసిన మనిషి. తర్వాత కుష్ఠు రోగుల కోసం ఆనందవనం కట్టారు. దాన్ని దయాదానంగా కాక, రోగులు తమ చేతులతో పండించి తినే ఊరుగా నడిపారు. ఆయన కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని, ఇద్దరూ డాక్టర్లు, హేమల్‌కసలో స్థిరపడ్డారు. కరెంటు లేదు, రోడ్డు లేదు. మాడియాలు మొదట భయపడి దగ్గరికి రాలేదు. 1976లో బడి పెట్టారు. కుటుంబాన్ని ‘సర్వోదయం వాళ్లు’ అనేవాళ్లున్నారు, ‘సోషలిస్టులు’ అనేవాళ్లూ ఉన్నారు. రోగి మందు కోసం వచ్చాడు, పేరు కోసం కాదు.

అదే కాలంలో దేశం ఎమర్జెన్సీలో పడింది. జయప్రకాశ్‌ను 1975 జూన్‌లో జైల్లో పెట్టారు. 1976లో, ఆయన అనుచరులు ఇంకా జైళ్లలో ఉండగా, 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలోకి ‘సోషలిస్టు’ అన్న మాట చేరింది. జీవితమంతా ఆ మాట కోసం పనిచేసినవాళ్లను నిర్బంధించి ఆ మాటను చట్టంగా రాసిన రోజులవి. ఆ అనుభవం తర్వాత కొత్త తరం యువకులు పార్టీ పేర్లను నమ్మడం మానేశారు. జయప్రకాశ్ 1975 జనవరిలో పెట్టిన ఛాత్ర యువ సంఘర్ష్ వాహిని పిల్లలు పల్లెలకు పోయారు. 1978లో బుద్ధగయ మఠం భూముల కోసం పోరాడి, ఆ భూములు ఆడవాళ్ల పేరిట రాయాలని పట్టుపట్టారు. ఆ వాహిని నుంచి మోహన్ హీరాబాయి హీరాలాల్ చాందా వైపు వచ్చారు. తల్లి పేరు, తండ్రి పేరు రెండూ పెట్టుకుని కులం తెలిపే ఇంటిపేరు వదిలేసిన మనిషి.

సరిగ్గా అదే 1978లో గోదావరి అవతల రాడికల్ విద్యార్థులు ‘గ్రామాలకు తరలండి’ అని పల్లెలకు పోతున్నారు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు భగ్గుమన్నాయి. సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర, తర్వాత కల్లోలిత ప్రాంతాల ప్రకటన. రెండు ఒడ్డుల నుంచీ చదువుకున్న యువకులు బతుకు పణంగా పెట్టి అడవి వైపు నడిచారు. ఒకరి చేతిలో నూలు సంచి, మరొకరి చేతిలో తర్వాత తుపాకి.

1980 ఏప్రిల్‌లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్ వార్ నక్సలైటు పార్టీ ఏర్పడింది. కొద్ది నెలల్లోనే చిన్న చిన్న దళాలు నది దాటి సిరోంచ, అహేరి అడవుల్లోకి వచ్చాయి. ఆ ఏడాది నవంబర్‌లోనే సిరోంచ తాలూకాలో పోలీసు కాల్పుల్లో పెద్ది శంకర్ చనిపోయాడు. బెల్లంపల్లి బొగ్గు గనుల నుంచి వచ్చిన దళిత యువకుడు. దళాలు వచ్చీ రాగానే పట్టుకున్నది ఆకు రేటునే. కట్టకు ఇంత ఇవ్వకపోతే ఆకు తెంపం అని ఊళ్లు కూర్చున్నాయి. వెదురు కోత కూలి పెంచమన్నారు. గార్డుల వెట్టి ఆపమన్నారు. రేట్లు పెరిగాయి, వెట్టి తగ్గింది. దీన్ని ఆ ఉద్యమాన్ని మెచ్చనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. తెలుగు ఊళ్లలో వాళ్లను ‘అన్నలు’ అన్నారు, మాడియా గూడేల్లో ‘దాదాలు’ అన్నారు.

1981 ఏప్రిల్ 20న అవతల ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన చావుల లెక్క 13. ఆ రోజు తర్వాత గోండులు ఎక్కడ గుమిగూడినా అధికారులకు అనుమానమే. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ (పాత చాందా) నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా ఏర్పాటు చేశారు. 1984 ఫిబ్రవరిలో అహేరి తాలూకా కమలాపూర్‌లో ఆదివాసీ కిసాన్ మజ్దూర్ సంఘటన మహాసభ తలపెట్టారు. పోలీసులు అడవి దారులన్నీ మూసి సభ జరగనివ్వలేదు.

ఆ 1984లోనే మరో కదలిక. గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం ఆనకట్టలు కట్టాలని తలపెట్టారు. 1980లో వచ్చిన గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో ఇచ్చంపల్లి మూడు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. అది కడితే సిరోంచ, అహేరి వైపు అడవి, ఊళ్లు నీటిపాలు. బాబా ఆమ్టే ‘జంగల్ బచావ్, మానవ్ బచావ్’ అని బయలుదేరారు. పక్కన లాల్ శ్యామ్ షా నిలబడ్డారు. 1962లో చాందా నుంచి స్వతంత్రుడిగా పార్లమెంటుకు గెలిచి, మధ్యలోనే ఆ పదవి వదిలేసి వచ్చిన గోండు నాయకుడు. ఆదివాసులు వేలాదిగా నడిచారు. ఆనకట్టలు ఆగాయి.

కమలాపూర్ సభకు రావాలనుకున్న మనిషీ, ఆనకట్ట వద్దని నడిచిన మనిషీ చాలా ఊళ్లలో ఒక్కరే. అడవి మాది అన్నదే రెండుచోట్లా వాళ్ల మాట. ఒకచోట ఆ మాటకు ఆనకట్టలు ఆగాయి, మరోచోట లాఠీ వచ్చింది. కోరికలో తేడా లేదు. పక్కన నిలబడిన నాయకుడెవరన్నదే తేడా. ఈ సరిహద్దులో ముద్ర వేసే పని ఎప్పుడూ అలాగే జరిగింది: ఏం అడిగారని కాదు, ఎవరితో కలిసి అడిగారని.

సంస్కరణ అనిపించుకున్న పనుల్లో ఎర్రజెండా చూడనివి ఎన్నో ఉన్నాయి. 1986లో అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు గడ్చిరోలిలో ‘సెర్చ్’ మొదలుపెట్టారు. రాణి బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి కనిపించింది. 1989 జనవరిలో అది లాన్సెట్‌లో అచ్చయితే ప్రపంచం ఉలిక్కిపడింది. ఆ నొప్పి గురించి ప్రభుత్వమూ అడగలేదు, విప్లవమూ అడగలేదు. అదే ఆడవాళ్లు తాగుడు గురించి మాట్లాడారు. కాంట్రాక్టరు ఇచ్చిన ఆకు డబ్బు సారా దుకాణానికి పోతుంటే రేటు పెరిగి లాభమేమిటని అడిగారు. దారూముక్తి సంఘటన ఏర్పడింది. ఇప్పసారా లేనిదే గోండు దేవతకు మొక్కు చెల్లదు కాబట్టి, ఆచారాన్ని దుకాణం నుంచి వేరు చేసి మాట్లాడాల్సి వచ్చింది. 1993 మార్చిలో గడ్చిరోలి జిల్లాలో మద్యనిషేధం అమలైంది.

తెలుగు పాఠకులకు ఆ ఏడాది బాగా గుర్తుండాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబర్ 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలింది. ఆ ఉద్యమం మాదంటే మాదని గాంధేయులు, వామపక్షాలు, నక్సలైట్లు, ప్రతిపక్షం అందరూ అన్నారు. గడ్చిరోలిలో కూడా దళాలు సారాకు అడ్డం తిరిగాయి. అయితే తుపాకి భయంతో మూసిన దుకాణానికీ, ఊరి ఆడవాళ్లు కూర్చుని మూయించిన దుకాణానికీ చాలా తేడా ఉంది. రెండోదాన్ని మళ్లీ తెరవాలంటే ఆ ఆడవాళ్లనే దాటాలి.

ఇటువైపు సంస్కర్తల లోటు కూడా చెప్పాలి. వైద్యం, బడి, తాగుడు గురించి గట్టిగా మాట్లాడినవాళ్లలో చాలామంది అడవి ఎవరిది, ఆకు ఎవరిది, వెదురు ఎవరిది అన్న దగ్గర గొంతు తగ్గించారు. ఆ ప్రశ్న ఎత్తితే నక్సలైటు ముద్ర పడుతుందన్న భయం నిజమైనదే. 1985లో వచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టం టాడాను గడ్చిరోలి ఆదివాసుల మీద విరివిగా వాడారు. దళానికి అన్నం పెట్టాడని జైలుకు పోయినవాళ్లున్నారు. రెండోవైపు దళాలూ తమ ముద్ర తయారు చేసుకున్నాయి: ఇన్‌ఫార్మరు. ఆ ఒక్క మాటతో ఆదివాసులను చంపారు. పగలు పోలీసులు ఒక పేరు, రాత్రి దళం మరో పేరు పెట్టే ఊళ్లో మనిషి తన మాట తాను చెప్పుకునే చోటే లేకుండా పోయింది. ఆదివాసికి జరిగిన అన్యాయాల్లో ఇది కూలి దోపిడీ కంటే తక్కువది కాదు.

ఆకు రేటును విప్లవమని, సారా నిషేధాన్ని సంస్కరణ అని విడదీసింది బయటివాళ్లే. కట్టలు కట్టే ఆడమనిషికి రెండూ ఒకే సంసారంలోని లెక్కలు. సోషలిస్టు ఆలోచనలో మంచిది ఏదైనా ఉంటే అది శ్రమకు తగ్గ ప్రతిఫలం, ఉమ్మడి ఆస్తి మీద ఉమ్మడి హక్కు. గాంధేయ సంస్కరణలో మంచిది ఏదైనా ఉంటే అది హింస లేకుండా, ఊరు తానే కూర్చుని నిర్ణయించుకోవడం. 1980లలో ఈ రెండూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా గడిపాయి. ఆ మూల్యం అడవి పల్లెలు చెల్లించాయి.

అవి కలిసిన చోటు సిరోంచకు దూరంగా, ధానోరా తాలూకాలో ఉంది. మెండా అనే గోండు ఊరు. దేవాజీ తోఫా అక్కడివాడు, మోహన్ హీరాబాయి హీరాలాల్ అక్కడికే చేరారు. మా ఊళ్లో మేమే సర్కారు అన్నది వాళ్ల నినాదం. ఆ ఊరు కాగితం మిల్లును, అటవీ శాఖను ఎదిరించి, 2006 అటవీ హక్కుల చట్టం కింద దాదాపు 1800 హెక్టార్ల మీద సామూహిక హక్కు పొందింది. 2011 ఏప్రిల్‌లో వెదురు అమ్ముకునే పర్మిట్ పుస్తకాన్ని కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి గ్రామసభకు అప్పగించారు. గ్రామసభలు తునికాకును తామే వేలం వేసుకునే రోజులు ఎలా వచ్చాయి, అందులో సిరోంచ తెలుగు ఊళ్లకు ఏం దక్కింది, మేడిగడ్డ బ్యారేజీ నీళ్లు ఆ ఊళ్ల పొలాలను ఏం చేశాయి అన్నది వచ్చే భాగంలో.